పొడి చీపురు

రాత్రి పెట్టిన ముప్పై రెండు బోన్లలో
తెల్లారేసరికి తొమ్మిది మూసుకున్నాయి.
ఉస్మాన్‌గంజ్‌లో ఇంకా షట్టర్లు లేవలేదు.
ఎరగా ఎండుచేప పెట్టాం, నిన్నటి మిర్చిబజ్జీ పెట్టాం.
బజ్జీలే ఎక్కువ చెల్లాయి.

ఏడింటిలో ఎలుకలు, ఒకదాంట్లో చుంచు,
తొమ్మిదోది మాత్రం పందికొక్కు.
బోను తీగల్ని పళ్లతో వంచి, నన్ను చూసి
పాత కుక్కర్‌లా గొంతులోంచి బుసకొట్టింది.

పందికొక్కు.
మన మాటే ఇది.
ఏనాడో ఏ తెల్లదొర గోదాములోనో
ఏ హమాలీ నోట్లోంచో జారి
దొర నాలుక మీద వాలింది.
అక్కడ కొంచెం రూపు మార్చుకుంది,
ఓడెక్కింది, నిఘంటువులో కాపురం పెట్టింది,
చివరికి సముద్రాల అవతల
పొట్టసంచిలో పిల్లల్ని మోసే ఇంకేదో జంతువుకి
పేరై కూచుంది.
ఎవరూ పంపలేదు. ఎవరూ పిలవలేదు.
రెండు నోళ్లు దగ్గరగా మసిలాయి, అంతే.
మా డాక్టరమ్మ గంటసేపు బోర్డు మీద బాణాలు గీసి చెప్పింది
నాకు ఈ ఒక్క మాటతో అర్థమైంది.

రెండు జతల గ్లౌజులు, మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు.
మత్తిచ్చి, తోక నరంలోంచి నెత్తురు తీసి
గొట్టంలో పోసి చీటీ అంటిస్తాను:
నంబరు ఇరవై ఏడు, ఆడది, కడుపుతో ఉంది.
దాని ఒంట్లో వైరస్ ఉన్నా దానికి జ్వరం రాదు.
తరతరాల పొత్తు వాళ్లది.
అద్దె అడగని ఇల్లు, గోడకు మేకు కొట్టని కిరాయిదారు.
గొడవంతా బస్తాల సందులో
ఎండిపోయిన ఆ మూత్రపు చుక్కతో.
అది పొడి అవుతుంది.
పొడి లేస్తుంది.
లేచినదానికి ఒక ముక్కు చాలు.

"ఏం దొరికింది బిడ్డా, దాని నెత్తుర్ల?"
బాలనర్సమ్మ అడుగుతుంది. ఇరవై రెండేండ్లుగా
ఈ గోదాముల నేలంతా ఆమె చీపురు కిందిదే.
ఇంకా తెలియదంటాను.
పోయినసారి ఒక గొట్టానికి
కాగితం మీద 'అనుమానం' అని వచ్చింది.
మళ్లీ చేస్తే 'లేదు' అని వచ్చింది.
మూడోసారికి కిట్టు అయిపోయింది.
ఇదంతా ఆమెకు ఎట్లా చెప్పను?

చెప్పగలిగింది చెప్పాను: పొడిగా ఊడవకు,
ముందు బ్లీచింగు కలిపిన నీళ్లు చల్లు.
నవ్వింది, పాన్ మరకల పళ్లతో.
"సాన్పి సల్లకుంట వాకిలూడుస్తరా ఎవరన్న?
మా అవ్వ నేర్పిందే గిప్పుడు నువ్వు నేర్పవడితివి.
గని సేటుకు జెప్పు. కందిపప్పు సంచులకు
సుక్క తగిల్తే నా కూలి కోస్తడు."

సేటు ఘీసూలాల్‌కి చెప్పాను.
ఓపిగ్గా విన్నాడు. నాకు చాయ్ తెప్పించాడు.
"మా తాత కాలం నుంచి ఎలుకలున్నాయి మేడమ్,
మేమూ ఉన్నాం" అన్నాడు.
అబద్ధం కాదు.
నూరేళ్లు ఏమీ కాలేదన్న మాట
రేపటికి హామీ కాదని చెప్పేందుకు
నా సంచిలో ఒక్క కాగితమూ లేదు.

మాస్కు గడ్డం కిందికి లాగి
చాయ్ ఒక గుక్క తాగాను.
సేటు అటక మీంచి పాత ఖాతా బుక్కు దించాడు,
అట్ట మీద నల్లటి గింజల్లాంటివి నాలుగు దొర్లాయి,
ముఖానికి దగ్గరగా పెట్టుకుని
ఉఫ్ అని ఊదాడు.

వెంటిలేటరు వెలుగులో దుమ్ము
పసుపుకొట్టు ముందర లేచినట్టు లేచింది.
బయట బాలనర్సమ్మ కొంగు తడిపి
ముక్కుకు కట్టుకుంటోంది.
నేను గ్లాసు మీద అరచెయ్యి మూసి
ఊపిరి బిగబట్టాను.

ఎంతసేపని.